మామ్మ గదికి రెండు తలుపులు

పోయిన నెల కొత్తపేట దగ్గరి మా పాత పెంకుటిల్లు పడగొట్టారు. ఇల్లు మా చేతులు దాటి చాలాకాలమైంది. కొన్నవాళ్ళు మర్యాదస్తులు కాబట్టి కబురు పెట్టారు. "మీ పెద్దాళ్ళు కట్టిన ఇల్లు కదండీ, ఆఖరిసారి చూసుకుంటారేమోనని," అన్నారు ఫోనులో. నేను వెళ్ళేసరికే పెంకులు దించేసి, దూలాలు కొబ్బరిచెట్ల కింద పేర్చేశారు. గోడలు మాత్రం ఎండలో నిలబడి ఉన్నాయి. నడిమి గదిలోకి సూర్యుడు రావడం నేను చూడ్డం అదే మొదలు. తలుపులన్నీ ఓ పక్కన చేరేసి ఉంటే, ఒకదానికున్న అతుకులు చూసి, వాటిలో మామ్మ గది తలుపులు రెండూ ఇట్టే గుర్తుపట్టాను. మేస్త్రీని పిలిచి ఆ రెంటి గడియలూ ఊడదీసి ఇమ్మన్నాను. "గడియలేం చేసుకుంటారండీ, తలుపులే పట్టుకెళ్ళండి, మంచి పనస చెక్క," అన్నాడతను. వద్దన్నాను. "ఆయ్, మీ ఇష్టమండి," అని మేకులు ఊడదీసి, తుప్పు గోటితో గీకి, నా చేతిలో పెడుతూ, "ఇవి ఎప్పుడూ వాడినట్టు లేదండి, అరగనే లేదు," అన్నాడు. నేను వాటిని కొంగుతో తుడిచి చేతిసంచిలో వేసుకున్నాను.

ఆ సాయంత్రం అమలాపురంలో మా డాబా మీద మనవరాలు చిన్ని నన్ను చెయ్యి పట్టుకుని మరీ పైకి లాక్కెళ్ళింది. అంతరిక్షంలో తిరిగే పెద్ద స్టేషనేదో మన నెత్తిమీదుగా పోతుందని దాని ఫోను చెప్పిందట. చెప్పినట్టే పడమటి కొబ్బరి మొవ్వుల మీదనుంచి లేచి, మిణుకుమనకుండా, చప్పుడు లేకుండా ఒక చుక్క నడుచుకుంటూ వెళ్ళింది. "అందులో అమెరికా వాళ్ళు, రష్యా వాళ్ళు కలిసే ఉంటారు అమ్మమ్మా. కింద వీళ్ళకీ వాళ్ళకీ ఎంత గొడవైనా పైన కలిసే అన్నం తింటారంట," అంది అది. గడియలు ఇంకా నా చేతిసంచిలోనే ఉన్నాయి. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. "ఏమైంది అమ్మమ్మా?" అంటే దోమ అన్నాను. పెద్ద వయసులో ఏడుపొస్తే దోమలే దిక్కు.

మా ఇల్లు మూడు ముక్కల ఇల్లు. తూర్పు భాగం పెదనాన్నది, పడమటి భాగం మాది, మధ్యన ఉన్న గది మామ్మది. మామ్మ గదికి వీధి గుమ్మం లేదు. పెరటివైపు ఓ చిన్న కిటికీ, తూర్పున పెదనాన్న ఇంట్లోకి ఓ తలుపు, పడమట మా ఇంట్లోకి ఓ తలుపు, అంతే. రెండు తలుపులూ ఆ గదిలోకే తెరుచుకుంటాయి, రెంటి గడియలూ ఆ గది లోపలే ఉండేవి. మామ్మ వాటిని వేసిన పాపాన పోలేదు. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. పెదనాన్న ఇంటికి మేము, మా ఇంటికి పెదనాన్న, మామ్మ గదిలోంచే రావాలి. వీధిలోకి దిగి అరుగెక్కి వస్తే మామ్మకి ఒళ్ళు మండిపోయేది. "వీధి గుమ్మంలోంచి వచ్చేవోళ్ళు పరాయోళ్ళు. మీరు నా కడుపులోంచి వచ్చేరు, నా గదిలోంచి రండి," అనేది. మేమంతా అలాగే పెరిగాం. ఇప్పుడు తలుచుకుంటే ఆ కట్టుబాటే మా కొంప ముంచిందని కూడా అనిపిస్తుంది.

పెదనాన్న మిషను స్కూల్లో మాష్టారు. తెల్లగా ఉతికిన పంచె, సబ్బు వాసన, సుద్దముక్క వాసన. దొడ్డమ్మ నేను పుట్టక ముందే పోయింది, కొడుకు కాకినాడ హాస్టల్లో చదువుకునేవాడు, అందుకని పెదనాన్నకి వంట మామ్మే. ఆయనకి నెలనెలా పోస్టులో అమెరికా వాళ్ళ పత్రిక ఊరికే వచ్చేది. మా నాన్న దావీదు కొత్తపేట సెంటర్లో టైలరు. బొగ్గుల ఇస్త్రీపెట్టె సెగ, కొత్త గుడ్డ గంజి వాసన, జేబులో ఎప్పుడూ ఓ దారపు కండె. సాయంత్రాలు కూలీల యూనియన్ ఆఫీసులో కూర్చునేవాడు. అక్కణ్ణుంచి రష్యా వాళ్ళ పత్రిక తెచ్చేవాడు, అది తెలుగులోనే ఉండేది. ఆ కాగితం నునుపూ ఆ రంగులూ మన పేపర్లలో ఎక్కడివి! షాపు గోడలన్నీ ఆ బొమ్మలే, మా పుస్తకాల అట్టలన్నీ ఆ కాగితాలే. నా లెక్కల పుస్తకం మీద రాకెట్టు, తెలుగు వాచకం మీద గోధుమ పంట. సెలవులకి వచ్చిన పెదనాన్న కొడుకు పుస్తకాల మీద చంద్రుడి మీద నడిచినవాళ్ళు ఉండేవారు.

అన్నదమ్ములిద్దరికీ చుక్క కనబడితే చాలు, వాదన. సాయంత్రం పెరట్లో నులకమంచాల మీద పడుకుని ఉంటే ఆకాశంలో కదిలే చుక్క ఒకటి పోయేది. "అమెరికాది," అనేవాడు పెదనాన్న. "రష్యాదన్నయ్యా, ముందు పైకి పంపిందెవరు?" అనేవాడు నాన్న. "ముందు పంపితే సరా, చంద్రుడి మీద దిగిందెవరు?" "దిగి మట్టి తెచ్చుకున్నారు, పొలానికి వేసుకుంటారేమో!" మామ్మ నిప్పు లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి, "దాని మీద ఎవడి పేరైనా రాసుందా? నోరుమూసుకుని పడుకోండి," అనేది. ఓ రోజు పెదనాన్న, అవి ఉత్తినే తిరగవనీ, పైనుంచి శత్రువుల సైన్యం ఎక్కడుందో ఫొటోలు తీస్తాయనీ చెప్పాడు. "పైనుంచి అన్నీ కనబడతాయా?" అని మామ్మ రెండుసార్లు అడిగింది. "అన్నీ అమ్మా, కారు నంబరు కూడా కనబడుద్దంటున్నారు." మర్నాడు పొద్దున్నే మామ్మ కొబ్బరి కమ్మలు నేసేవాణ్ణి పిలిపించి, పెరట్లో మేం స్నానాలు చేసే దడికి పైన కప్పు వేయించేసింది. "ఆ దిక్కుమాలినోళ్ళు రష్యావోళ్ళైతేనేం, అమెరికావోళ్ళైతేనేం, మగోళ్ళేగా!" అంది. నాన్న, పెదనాన్న ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వారు. వాళ్ళలా నవ్వగా చూసిన కళ్ళు ఇవి.

ఆ రెండు దేశాల ఓడలూ ఆకాశంలో కలుసుకున్న వానాకాలం నాకు బాగా గుర్తు. అప్పటికి నేను చిన్న తరగతుల్లోనే ఉన్నాను. అంతకు ముందే ఆ రెండు దేశాల మీద మాటా మాటా వచ్చి నాన్న, పెదనాన్న వారాల తరబడి ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. మామ్మ గదిలోకి ఒకరు వస్తే రెండోవాళ్ళు లేచిపోయేవారు. ఆ రోజు రేడియోలో వార్త వచ్చింది. ఒక ఓడ తలుపు తెరిచి ఇంకో ఓడలోకి చెయ్యి చాచారట. పెదనాన్న ఆగలేకపోయాడు. మామ్మ గదిలో తరవాణి గంజి తాగుతున్న నాన్నకి వినబడేట్టు గుమ్మంలో నిలబడి మామ్మకి చెప్పాడు. ఆ ఓడలో గాలి వేరు, ఈ ఓడలో గాలి వేరు, తిన్నగా తలుపు తీస్తే మనిషికి ప్రమాదం, అందుకని మధ్యలో ఒక గది కట్టారు, ఇటువాడు ఆ గదిలోకొచ్చి, ఇటు తలుపేసి, కాసేపు కూర్చుని, ఆ గాలికి అలవాటుపడ్డాక అటు తలుపు తీస్తారు అని. మామ్మ తలెత్తింది. "మధ్యలో గదా?" అంది. "మధ్యలో గదే అమ్మా." "మరి ఏ బాస మాట్లాడుకుంటారు?" దానికి నాన్న బదులు చెప్పాడు, పెదనాన్న మొహం చూడకుండానే. రష్యా వాళ్ళు ఇంగ్లీషూ, అమెరికా వాళ్ళు రష్యను భాషా నేర్చుకున్నారట, ఎవరైనా ఎదుటివాడి భాషలోనే మాట్లాడాలట.

అంతే, మామ్మకి దారి దొరికింది. చుట్ట నేలకి రాసి ఆర్పి, "ఆకాశంలో కత్తులు నూరుకునేవోళ్ళే నేర్చుకున్నారు. మీరు ఒక గుడ్డలో చుట్టిన పిల్లలు, మీకేం పోయేకాలం? ఆదివారం ఇద్దరూ ఇక్కడ తినాలి. పెద్దోడు చిన్నోడి పుస్తకం చదవాలి, చిన్నోడు పెద్దోడిది చదవాలి. లేకపోతే నాకు కూడూ వద్దు నీళ్ళూ వద్దు," అంది. అది మామ్మ మొండిపట్టు. ఆ ఆదివారం నుంచి మా ఇంట్లో కొత్త ఆచారం మొదలైంది. ప్రార్థన అయ్యాక పెదనాన్న మిషను చర్చి నుంచి వచ్చేవాడు, నాన్న షాపు మూసి వచ్చేవాడు. చింతచిగురు రొయ్యల కూర వాసన గదంతా నిండి ఉండేది. ముందు పెదనాన్న రష్యా పత్రిక తీసి, గొంతు సవరించుకుని, ప్రసంగం చదివినట్టు చదివేవాడు. ఆ ట్రాక్టర్లనీ ఆ కార్మిక వీరుల్నీ చదువుతున్నప్పుడు ఆయన మీసం కింద నవ్వు కదిలేది. తర్వాత పత్రిక మడిచి, అమెరికా పత్రిక నాన్న చేతిలో పెట్టి, "నీ వంతురా," అనేవాడు. నాన్న ఇంగ్లీషు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాడు, చెమటలు పట్టేవి, పెదనాన్న పక్కనుంచి ఒక్కో మాటా అందించేవాడు. మామ్మకి రెండూ అర్థమయ్యేవి కావు. కళ్ళు మూసుకుని కూర్చుని ఇద్దరి గొంతులూ వినేది. ఎన్ని తగాదాలొచ్చినా ఆదివారం మాత్రం తప్పలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళకి మన దేశంవాడొకడు రష్యా ఓడలో పైకెళ్ళి మాట్లాడిన రోజున, పెదనాన్నే పరిగెత్తుకొచ్చి నాన్నకి నోట్లో బెల్లం పెట్టాడు.

ఆ ఏడే మామ్మ పోయింది. నిద్దట్లో పోయింది అనుకుని సరిపెట్టుకునేవాళ్ళం కానీ, అంతకు రెండు రోజుల ముందే గుండెల్లో నెప్పంది. జ్ఞాపకార్థ కూటం రోజున భోజనాలు మామ్మ గదిలోనే పెట్టారు. గొడవకి అంతకన్న మంచి చోటు దొరకలేదు మా వాళ్ళకి! ఎవరో, "అమెరికా వాళ్ళు ఆకాశంలో ఆయుధాలు పెడతారటగా," అన్నారు. పెదనాన్న, అది దెబ్బ కొట్టడానికి కాదు, మీద పడే బాంబుల్ని ఆపే గొడుగు అన్నాడు. "గొడుగేంటన్నయ్యా, అది కత్తి. గొడుగని పేరు పెట్టుకున్న కత్తి," అన్నాడు నాన్న. మాట పెరిగింది. "నువ్వు వాళ్ళ మిషను పాలపొడి తాగి పెరిగేవు, అలాగే అంటావు," అన్నాడు నాన్న. పెదనాన్న మొహం పాలిపోయింది. "ఆ పాలపొడి నీకు కలిపి పట్టింది నేనేరా. నువ్వో? అమ్మకి గుండెల్లో నెప్పంటే ఆసుపత్రికి తీసుకెళ్ళమని నీకు చెప్పి నేను స్కూలుకెళ్ళేను. నువ్వు యూనియన్ మీటింగుకి పోయేవు," అన్నాడు. మామ్మే వెళ్ళమందని, తగ్గిపోయిందని పంపేసిందని అమ్మకి తెలుసు, నాకు తెలుసు. నాన్న ఆ మాట చెప్పుకోలేదు. విస్తరి ముందునుంచి లేచి, మా తలుపు వెనక్కి లాగేసుకుని వెళ్ళిపోయాడు. అటు తలుపు పెదనాన్న లాక్కున్నాడు.

ఆ వానలకే మా ఊరి కాలవకి గండి పడింది. నీళ్ళు ఇంట్లోకొచ్చాయి. మేం ఏటిగట్టు మీద పాకలో ఉన్నాం, పెదనాన్న స్కూలు మేడమీద ఉన్నాడు. నీళ్ళు తీశాక ఎవరి భాగంలో బురద వాళ్ళు ఎత్తి పోసుకున్నారు. మామ్మ గది తలుపులు, కిటికీ మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నాన్నకి ఆ గది పేరెత్తితేనే కోపం. ఆ తర్వాత నన్ను అమలాపురం కాలేజీ హాస్టల్లో వేశారు. ఆదివారం ఇంటికొస్తే ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. మామ్మ గది అవతల పెదనాన్న కిరసనాయిలు స్టవ్ మీద వండుకునే పప్పు మాడు వాసన పెంకుల కిందనుంచి వచ్చేది. నాన్న ముద్ద నోట్లో పెట్టుకోబోయి, ఆ వాసనకి చెయ్యి కడిగేసుకునేవాడు. అమ్మ బావగారితో ఎదురుపడి మాట్లాడే మనిషి కాదు. కూరగిన్నె నా చేత ఆయన అరుగు మీద పెట్టించేది. సాయంత్రానికి గిన్నె తోమి, అందులో నాలుగు నిమ్మకాయలో గుప్పెడు సన్నజాజులో వేసి మా అరుగు మీద ఉండేది. నాన్న ఆ నిమ్మకాయలు చూసి ఎక్కడివని ఒక్కనాడూ అడగలేదు.

అమెరికా వాళ్ళ ఓడ ఒకటి పైకి లేస్తూనే గాల్లో పేలిపోయిన సంగతి పొద్దుటి వార్తల్లో చెప్పారు. నేను సెలవుకి ఇంట్లోనే ఉన్నాను. అందులో ఒక టీచరమ్మ ఉంది. పైనుంచి పిల్లలకి పాఠం చెబుతుందని పెదనాన్న స్కూల్లో పిల్లలందరికీ చెప్పి మురిసిపోయాడని నాన్నకి ఎవరో చెప్పారట. రేడియో ఆగిపోయాక గోడ అవతల కాసేపటికి ముక్కు చీదిన చప్పుడు, మళ్ళీ చప్పుడు. నాన్న గుడ్డ కత్తిరిస్తున్న కత్తెర కింద పెట్టాడు. లేచి, తలదువ్వుకుని, చొక్కా తొడుక్కుని, మామ్మ గది తలుపు దగ్గరికి వెళ్ళాడు. నేనూ అమ్మా చూస్తున్నాం. అరచేత్తో నెట్టాడు. రాలేదు. భుజంతో నెట్టాడు. రాలేదు. వెనక్కి తిరిగాడు, ఆ మొహం నేను మర్చిపోలేను. "గడియేసుకున్నాడే," అన్నాడు అమ్మతో. "నేను వస్తానని లోపల గడియేసుకున్నాడు." వీధిలోంచి వెళ్ళండి, నామాట వినండి అంది అమ్మ. "పరాయోళ్ళలాగా అరుగెక్కనా? అమ్మ గదికే గడియేసినోడి అరుగు ఎక్కనా?" నేను వెళ్ళి అడుగుతానంటే, "అడిగేవంటే నామీద ఒట్టే అమ్మలూ," అన్నాడు. ఒట్టంటే ఆ రోజుల్లో ఒట్టే.

తర్వాత నాన్నకి దగ్గు పట్టుకుంది. నూలు దుమ్మన్నారు, ఇంకేదో అన్నారు, కాకినాడ పెద్దాసుపత్రిలో పెట్టి, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. మంచం మామ్మ గది తలుపు పక్కనే వేయించుకున్నాడు. అటువైపు పెదనాన్న రష్యా వార్తలొస్తే రేడియో గొంతు పెంచేవాడు, ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. నాన్న కళ్ళు మూసుకుని వినేవాడు. ఇద్దరు మగాళ్ళు, తెల్లవెంట్రుకలొచ్చిన మగాళ్ళు, రేడియో తప్ప మాట్లాడుకోడానికి నోళ్ళు లేనట్టు! ఇప్పటికీ నాకు ఇద్దరి మీదా కోపమే. ఆ కోపం తీర్చుకోడానికి ఇద్దర్లో ఒక్కరూ మిగల్లేదు.

నాన్న ఒక పొద్దుటి పూట పోయాడు. అమ్మ కేక పెట్టింది. ఆ కేకకి వీధి అంతా మా అరుగెక్కింది, పెదనాన్న తప్ప. అంతలో గోడ లోపల్నుంచి దభీ దభీమని చప్పుడు. ఇల్లు కదిలిపోతున్నట్టు చప్పుడు. పెదనాన్న తన వైపు తలుపు గునపంతో బద్దలుకొట్టుకుని మామ్మ గదిలో దిగాడు. ఎంతోసేపు తవ్వుతున్న చప్పుడు. ఆఖరికి మా తలుపు కిర్రుమని లోపలికి లాగబడింది. గుమ్మంలో పెదనాన్న, ఒళ్ళంతా మట్టి, చేతుల్లోంచి రక్తం. ఆయన వెనక గదిలో మోకాటి లోతు వరద మన్ను, గండి నాటిది, ఎత్తిపోసేవాళ్ళు లేక అలాగే గట్టిపడి రాయైపోయింది. మామ్మ మంచం అందులో సగం కూరుకుపోయి ఉంది. ఆ మన్నే రెండు తలుపుల్నీ లోపల్నుంచి పట్టేసింది. తలుపు మీద గడియ తీసి ఉంది. బద్దలైన తూర్పు తలుపు మీద గడియా తీసే ఉంది.

పెదనాన్న ఈ గడియ చూశాడు, వెనక్కి తిరిగి ఆ గడియ చూశాడు. "నువ్వు జబ్బు పడ్డావని తెలిసిన రోజునే తోసేన్రా. రాలేదు. నామీద కోపంతో గడియేసుకున్నావనుకున్నాన్రా దావీదూ," అన్నాడు. నాన్న వినలేదు. అమ్మ, ఆయనతో జన్మలో ఎదురుపడి మాట్లాడని అమ్మ, "మీ తమ్ముడూ అదే అనుకున్నారండీ బావగారూ, ఆరూ అదే అనుకున్నారు," అని నేలమీద పడి ఏడ్చింది.

అందరూ ఆయన్ని పట్టుకుని కూర్చోబెట్టబోయారు. కూర్చోలేదు. నాన్న మంచం కింద ఉన్న దొంతర్లోంచి ఒక రష్యా పత్రిక తీశాడు. మట్టి చేతులు పంచెకి తుడుచుకుని, నాన్న పక్కన చేరి, గొంతు సవరించుకుని, ప్రసంగం చదివినట్టు చదివాడు. ఏం చదివాడో ఎవరికీ తెలీదు, ఆయనకీ తెలిసుండదు. చదవడం అయ్యాక మడిచి పక్కన పెట్టాడు. ఆ మన్ను తొక్కుకుంటూ మామ్మ గదిలోంచి తన ఇంట్లోకి వెళ్ళి, అమెరికా పత్రిక పట్టుకుని, మళ్ళీ మామ్మ గదిలోంచే వచ్చాడు. దాన్ని విప్పి నాన్న చేతి కింద పెట్టాడు.

"నీ వంతురా," అన్నాడు.